కుదుపు లేని తప్పెటగుళ్ళు

ప్రభుత్వ సంస్థ ఏదైనా ఒక వస్తువు కొనాలంటే ముందు అది ఏ పద్దు కిందకి వస్తుందో తేలాలి. పనికొస్తుందా రాదా అన్నది ఆ తర్వాతి సంగతి. అదెప్పుడో నిదానంగా తేలుతుంది, ఒక్కోసారి తేలదు కూడా. జానపద నాద భద్రతా సంస్థలో ఎన్నేళ్ళుగానో పనిచేస్తున్నా పొట్నూరు భానోజీకి, పాపం, ఈ చిన్న విషయం ఒంటబట్టలేదు.

భానోజీ ఉద్యోగం పేరు క్షేత్ర ధ్వనిగ్రాహకుడు. ఊళ్ళమ్మట తిరిగి పాటలూ డప్పులూ రికార్డు చేసుకు రావడం అతని పని. సంస్థకి హైదరాబాదులో పెద్ద కార్యాలయం, విజయనగరంలో ఒక గది ఉన్నాయి. ఆ గదిలో అధికారీ అతనే, అటెండరూ అతనే. పొద్దున్నే బల్ల తుడిచి, ఆ బల్ల ముందు కూర్చుని, తుడిచినవాణ్ణి తనే మెచ్చుకునేవాడు.

ఆ ఏడు సంస్థకి ఆధునికత మీద మనసు పోయింది. ఐపాడ్లూ అవీ వచ్చి ఊరంతా వాటి గురించే మాట్లాడుకుంటున్న రోజులు. క్యాసెట్లు వేసుకునే పాత టేప్ రికార్డర్లన్నిటినీ ఒక్కసారిగా వేలం వేసేశారు. కొత్తవి కొన్నాక పాతవి అమ్మొచ్చు కదా అని ఎవరూ అనలేదు, ఎందుకంటే పాతవి ఉండగా కొత్తవి కొనడం దుబారా అవుతుంది. అలా సంస్థలో రికార్డరన్నది లేకుండా పోయిన వారానికే సచివాలయం నుంచి ఉత్తర్వు దిగింది. రాష్ట్రంలోని జానపద కళలన్నిటినీ సజీవ కళలు, అంతరించిన కళలు అని రెండు జాబితాలు చెయ్యాలి. మార్చి నెలాఖరులోగా రికార్డు అయిన కళ సజీవం. కానిది అంతరించినట్టు లెక్క. అంతరించిన కళకి జాతరల్లో ఆడుకోవడానికి అనుమతి ఉండదు. లేనిదానికి అనుమతి ఎలా ఇస్తారు చెప్పండి!

ఉత్తర్వు చదివి భానోజీ తన రికార్డింగుల జాబితా తీసి చూశాడు. అతని ప్రాంతంలో రికార్డు కాకుండా మిగిలింది ఒక్కటే, గొల్లలమెట్ట అసిరయ్య బృందం ఆడే తప్పెటగుళ్ళు. రొమ్ముకి తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, గంగమ్మ మీద పాడుతూ, మనిషెత్తు గెంతుతూ వాయించే ఆట అది. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఆ ఆట చూసొచ్చి, ఇంట్లో ఇత్తడి పళ్ళెం గుండెకి కట్టుకుని గెంతి, వీపు విమానం మోత మోగించుకున్నవాడు భానోజీ. ఆ ఆటంటే అతనికి ప్రాణం.

కబురు తెలిసి అసిరయ్య విజయనగరం పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"మా తాత ఆడినాడు, మా అయ్య ఆడినాడు, నాను ఆడతన్నాను. ఇయాల ఆటే నేదని రాసేత్తారా బాబూ? మరైతే నానేటైపోనాను?"

"నేనుండగా అలా రాయనివ్వను మావా," అన్నాడు భానోజీ. అని వెంటనే భయపడ్డాడు, ఎందుకంటే చేతిలో రికార్డరు లేదు.

రికార్డరు ఎలాంటిది కొనాలో తేల్చడానికి హైదరాబాదులో కొనుగోలు సంఘం కూర్చుంది. వాడుకునేవాడి అభిప్రాయం కూడా నమోదు చెయ్యాలన్న నియమం ఒకటి ఉండబట్టి భానోజీనీ పిలిచారు. డైరెక్టరు ఆమంచి శేషశయనం గారు మధ్యలో, ఆర్థిక సలహాదారు త్రిపురాంతకం గారు కుడిపక్కన. మిగతా సభ్యులు బిస్కట్ల పక్కన కూర్చున్నారు.

కంపెనీ మనిషి రెండు నమూనాలు బల్ల మీద పెట్టాడు. రెండూ అగ్గిపెట్టెంతవే.

"ఇందులో చిట్టి హార్డ్ డిస్కు ఉంది సార్. రూపాయి బిళ్ళంత పళ్ళెం లోపల గిర్రున తిరుగుతుంటుంది. బోలెడు పడుతుంది, ధర తక్కువ. కాకపోతే కుదుపు ఓర్చుకోలేదు. గట్టిగా కుదిపితే పోతుంది. ఈ రెండోది ఫ్లాష్ మెమరీ. తిరిగేదేమీ లేదు, అంతా చిప్పు మీదే. కొంచెం తక్కువ పడుతుంది, కొంచెం ఖరీదు. కానీ చూడండి..." అని ఆ రెండోదాన్ని నేల మీదకి వదిలేశాడు. ఠప్పుమని పడింది. తీసి బొత్తాం నొక్కితే, "కాఫీ ఇంకా రాలేదేవిటయ్యా," అని ఇందాక డైరెక్టరు గారు అన్న మాట ఆయన గొంతుతోనే ఖంగుమంది.

భానోజీ ముఖం వెలిగిపోయింది. "ఇదే కొనండి సార్! మావాళ్ళు గెంతుతారు. నేల అదిరిపోతుంది."

త్రిపురాంతకం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "భానోజీ గారూ, భావోద్వేగాలకి లోనుకాకండి. స్టోర్సు నియమావళి ప్రకారం కదిలే భాగం కలిగినది యంత్రం. కదిలే భాగం లేనిది సామగ్రి. అంటే కుర్చీ, బల్ల, బీరువా వగైరా. మనకి నిధులు యంత్రాల పద్దు కింద మంజూరయ్యాయి. ఈ ఫ్లాష్ అనేదాన్ని కొనాలంటే కుర్చీగా కొనాలి."

"పోనీ కుర్చీగానే కొనండి సార్."

"కొనవచ్చు. దానిమీద ఎవరు కూర్చుంటున్నారని ఆడిట్ వారు అడిగితే ఏం చెబుతారు?"

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"నాకు అంతకన్నా మౌలికమైన సందేహం ఉంది. లోపల ఏమీ కదలకుండా, చప్పుడన్నది చెయ్యకుండా, కూర్చున్నచోటే కూర్చుని ఉండే వస్తువు పని చేస్తోందని మనం ఏ ప్రాతిపదికన విశ్వసించాలి?"

ఈ మాట అన్నప్పుడు ఆయన పొద్దుటి నుంచీ కూర్చున్నచోటే కూర్చుని ఉన్నారు. సంఘంలో ఎవరికీ నవ్వు రాలేదు. పైగా అందరూ తలలూపారు.

"మరొక అంశం," అన్నారు డైరెక్టరు గారు. "కిందపడినా పాడవదని కంపెనీ వారు గొప్పగా సెలవిస్తున్నారు. పాడవని వస్తువు పట్ల సిబ్బందికి భయభక్తులు ఎలా కలుగుతాయి? హార్డ్ డిస్కు చూడండి. సున్నితమైనది, శ్రమించే స్వభావం కలది. చెవి దగ్గర పెట్టుకుంటే పని చేస్తున్నట్టు వినిపిస్తుంది కూడా."

అందరూ ఒకరి తర్వాత ఒకరు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. జుయ్యిమంటోంది. "ఎంత కష్టపడుతోందో పాపం," అన్నాడొక సభ్యుడు. హార్డ్ డిస్కు ఏకగ్రీవంగా గెలిచింది. కంపెనీ మనిషి తన ఫ్లాష్ ముక్కని జేబులో వేసుకుని, భానోజీ వంక జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

రెండు యంత్రాలు వచ్చాయి. మొదటిదానికి డైరెక్టరు గారు స్వయంగా పసుపూ కుంకుమా పెట్టి, దాని పక్కనే బల్ల మీద కొబ్బరికాయ కొట్టారు. అది అక్కడికక్కడే కన్ను మూసింది. తప్పు కొబ్బరికాయదా, బల్లదా అని విచారణ జరిపి చివరికి కుదుపుది అని తేల్చారు. ఆ సాయంత్రానికే కుదుపు నివారణ మార్గదర్శకాలు వెలువడ్డాయి. యంత్రం ఉన్న గదిలో తలుపు వెయ్యరాదు. తుమ్ము వచ్చినవారు నడవలోకి పోవలెను. యంత్రము గోతులు గల రహదారిపై వాహనంలో ప్రయాణించరాదు. రికార్డింగు ఆసాంతం కుదుపు పరిశీలనాధికారి సమక్షంలో జరగవలెను. ఇవి పాటించని రికార్డు చెల్లదు, వేరే ఏ పరికరంతో చేసినదైనా చెల్లదు. పరిశీలనాధికారిగా త్రిపురాంతకం గారే నియమితులయ్యారు. ఖర్చు పెరగకుండా చూడగలిగినవారు కుదుపూ పెరగకుండా చూస్తారని డైరెక్టరు గారి నమ్మకం.

మిగిలిన రెండో యంత్రం దూదిపరుపు మీద, త్రిపురాంతకం గారి ఒళ్ళో, రైల్లో విజయనగరం చేరింది. అక్కణ్ణించి గొల్లలమెట్టకి గొయ్యి లేని రోడ్డు ఎక్కడుంది? బస్సు పనికిరాదు. జీపు పనికిరాదు. ఎడ్లబండి మీద గడ్డి పరుద్దామంటే చక్రం రాయెక్కితే ఏం గతి అన్నారు త్రిపురాంతకం గారు. ఆలోచించి ఆలోచించి భానోజీ పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పల్లకి ఒకటి మాట్లాడుకొచ్చాడు. పల్లకిలో పరుపు, పరుపు మీద యంత్రం. పక్కన గొడుగు పట్టుకుని త్రిపురాంతకం గారు, ముందు దారిలో రాళ్ళేరుతూ భానోజీ నడిచారు.

దారిలో పల్లెలున్నాయి. పల్లకి చూసిన ఆడవాళ్ళు ఊరుకుంటారా! హారతి పళ్ళాలతో బిలబిలమంటూ వచ్చేశారు. ఒక ముసలమ్మ చేతులు జోడించి, "ఏ తల్లి నాయనా?" అంది.

"హార్డ్ డిస్కు, మామ్మా."

"ఏ తల్లైతేనేటి, సల్లగా సూడు తల్లీ!" అని చెంబెడు పసుపునీళ్ళు పల్లకి మీద కుమ్మరించబోయింది. భానోజీ ఎగిరి అడ్డంపడ్డాడు. నీళ్ళన్నీ అతని వీపు మీదే పడ్డాయి. తడిసిన చొక్కాతో అతనికి ఒళ్ళు మండిపోయింది గాని, మార్చి నెల వెళ్ళిపోతోందన్న దిగులు ముందు అదెంత?

గొల్లలమెట్టలో బృందం అప్పటికే గజ్జెలు కట్టి సిద్ధంగా ఉంది. త్రిపురాంతకం గారు పీట వేయించుకుని, యంత్రం పక్కన స్టీలు గ్లాసులో నిండుగా నీళ్ళు పోయించి, మార్గదర్శకాలు విప్పి చదివారు. "ప్రదర్శన సమయమందు కళాకారుల పాదములు భూమిని విడువరాదు. గ్లాసునందలి నీరు తొణికినచో రికార్డు రద్దగును."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అసిరయ్య భానోజీ వైపు తిరిగాడు.

"గెంతకుండా ఆటేటి బాబూ? మావు గెంతకపోతే గంగమ్మకెలా తెలుస్తాది, మావొచ్చినట్టు?"

"మోకాళ్ళైనా ఒంచొచ్చునా?" అన్నాడు వెనకనుంచి ఇంకో ఆటగాడు.

త్రిపురాంతకం గారు కాగితం రెండువైపులా చూశారు. "మోకాళ్ళ ప్రస్తావన ఇందులో లేదు. లేనిది నిషిద్ధంగా భావించాలి."

భానోజీ అసిరయ్యని పక్కకి తీసుకెళ్ళాడు. "ఈ ఒక్కసారికి మావా. నిలబడే పాడెయ్యండి. జాబితాలోకి ఎక్కేస్తే ఆ తర్వాత మీ ఇష్టం. లేకపోతే ఆట లేదని రాసేస్తారు. జాతరలో మిమ్మల్ని అడుగుపెట్టనివ్వరు."

అసిరయ్య తప్పెట తాడు బిగించుకున్నాడు. "సరే బాబూ," అన్నాడు.

మొదలుపెట్టారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా వరసగా నిలబడ్డారు. వేళ్ళతో తప్పెటని తాకీ తాకకుండా తాకారు. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకున్న భానోజీకి యంత్రం జుయ్యిమనడం బ్రహ్మాండంగా వినపడుతోంది, దాని వెనకెక్కడో దోమ పాడినట్టు గంగమ్మ పాట వినపడుతోంది. గ్లాసులో నీళ్ళు తొణకలేదు. అంతా నిబంధనల ప్రకారమే ఉంది. పాట గెంతాల్సిన చోటికి వచ్చింది, గజ్జె కదల్లేదు. అసిరయ్య కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. పాట ఆపేశాడు.

"నావల్ల కాదు బాబూ. బతికున్నామని రాయించుకోడానికి పీనుగుల్లాగ నిలబడ్డామేటి? నేదని రాసీసుకోనీ. ఆడకుండా ఉన్నాననిపించుకోడం కన్నా ఆడి నేనోణ్ణనిపించుకుంతాను."

ఆట లేదని రాయనివ్వనని భానోజీ మాటిచ్చాడు. ఒక్క గెంతుతో మాట పోతుంది, ఆట పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. హెడ్‌ఫోను లాగి మెడలో వేసుకున్నాడు.

"గెంతండి మావా!" అని కేకేశాడు.

ఇంకేముంది! తప్పెట ఒక్కసారి ఢమ్మంది. అసిరయ్య లేచాడు, వరసంతా లేచింది, నేల దద్దరిల్లింది. గజ్జెలూ కేకలూ దుమ్మూ కలిసిపోయాయి. ఊళ్ళో జనం ఎక్కడి పని అక్కడ పారేసి పరిగెత్తుకొచ్చారు. గ్లాసు మొదటి గెంతుకే బోర్లాపడింది. పరిశీలనాధికారి దానివైపు చూడనే లేదు. పీట మీంచి లేచి, గొడుగు పారేసి, తాళం వేస్తున్నారు. పాట మలుపు తిరిగేసరికి ఆయనా ఒకసారి గెంతారు. రెండోసారి గెంతినప్పుడు మర్యాద కోసం భానోజీ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆట ముగిశాక భానోజీ యంత్రాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. జుయ్యిమనడం లేదు. లోపల ఏదో టక్ టక్ టకటక్ మని కొట్టుకుంటోంది.

"ఏటంతాది?" అన్నాడు అసిరయ్య, చెవి ఒగ్గి.

"పోయింది మావా. ఇక ఇందులోంచి ఏమీ రాదు. మీరు గెంతిన దెబ్బకి పోయింది."

ఇద్దరూ త్రిపురాంతకం గారి వైపు చూశారు. ఆయన ఒళ్ళంతా చెమటలు, చొక్కా నిండా దుమ్ము. కుదుపు జరిగిందని రాస్తే ఆ సమయంలో పరిశీలనాధికారి పాదములు ఎక్కడున్నవని ప్రశ్న వస్తుంది. ఆయన యంత్రాన్ని పెట్టెలో పెట్టి లక్క సీలు వేసి, "కుదుపు లేదు," అని రాసి సంతకం చేశారు.

మార్చి ఆఖరి రోజున పెట్టె తెరవడానికి సంఘం కూర్చుంది. కళాకారుడు తన కళ తనదేనని సంఘం ముందు ధ్రువీకరించాలన్న నిబంధన ఉంది గనక అసిరయ్యనీ రప్పించారు. రైలు దిగిన దగ్గర్నుంచీ భానోజీ అతన్ని బతిమాలుతూనే ఉన్నాడు.

"ఏం అడిగినా ఔననెయ్యి మావా. నీకు పుణ్యముంటుంది."

"గంగమ్మ ఆట మీద అబద్దమాడమంతావేటి బాబూ? నా నోట రాదు," అన్నాడు అసిరయ్య.

సీలు విప్పారు. డైరెక్టరు గారు తన చేత్తో బొత్తాం నొక్కారు. ఏమీ వినపడలేదు. "సార్, అదీ..." అని భానోజీ లేవబోయాడు. ఆయన వేలెత్తి ఆపారు. "ఉండవయ్యా. సన్నగా ఏదో వస్తోంది. మైకు దగ్గర పెట్టండి."

మైకు దగ్గర పెట్టారు. హాలంతా మోగింది. టక్ టక్ టకటక్. టక్ టక్ టకటక్.

ఒక సభ్యుడు బిస్కటు కింద పెట్టాడు. ఇంకొకాయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేశాడు. డైరెక్టరు గారి తల దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. చాలాసేపు విన్నారు. టీ వచ్చి చల్లారిపోయినా ఎవరూ ముట్టుకోలేదు.

"ఆహా! ఎంత నిగ్రహం!" అన్నారు డైరెక్టరు గారు చివరికి. "ఒక్క కుదుపు లేదు, ఒక్క అరుపు లేదు. ఈ ప్రాచీన కళ అసలు స్వరూపం ఇన్నాళ్ళకి మనకి దక్కింది. ఆ ఫ్లాష్ అనేది కొని ఉంటే ఈ నాదం మన చెవిన పడేదా? ఇలాంటి యంత్రాలు మరో రెండొందలు తెప్పించండి."

త్రిపురాంతకం గారు తల వంచుకుని ఆ మాట రాసుకున్నారు. రాష్ట్రంలోని డప్పులు, కోలాటాలు, చెక్కభజనలు అన్నీ ఇక టకటకమంటాయని భానోజీకి అర్థమైంది. కానీ ముందు ఈ గండం గడవాలి. డైరెక్టరు గారు అసిరయ్యని ముందుకి పిలిచారు. సజీవ కళలని ఒక కాగితం, అంతరించిన కళలని ఒక కాగితం బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

"చెప్పవోయ్ పెద్దాయనా. బాగా విని చెప్పు. ఈ నాదం మీదేనా?"

అసిరయ్య యంత్రం దగ్గరికి వెళ్ళి వంగి, చెవి ఒగ్గి విన్నాడు. లోపల పళ్ళెం ఇంకా కొట్టుకుంటూనే ఉంది. త్రిపురాంతకం గారి కలం ఆగిపోయింది. అసిరయ్య నిటారుగా నిలబడ్డాడు.

"బాబూ, మావు గెంతినప్పుడు భూమి అదిరిపోతే, ఆ దెబ్బకి ఈ మిషను పేనం ఒగ్గీసింది. ఇది అది పెట్టిన కేక. అంత దెబ్బ కొట్టినోలు ఇంకెవులూ నేరు బాబూ. మాదే."

డైరెక్టరు గారు ఆఖరి మాట ఒక్కటీ సజీవ కళల కాగితం మీద రాసుకుని, ఒక ఆటగాడిలో ఇంత కవిత్వం ఉంటుందని తాను అనుకోలేదన్నారు.